దస్తగిరి మామ మిద్దెతోట

మొన్న ఆదివారం పొద్దున పులివెందులలో మా ఇంటి ముందున్న మందార చెట్టుకు పూలు కోస్తుంటే వేళ్ళకు జిగురు అంటింది. బెల్లం పాకం ఆరీ ఆరకముందు తగిలినట్టు బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి పట్టుకుని మెల్లిగా విడిపోయాయి. ఆకు వెనక్కి తిప్పకముందే నాకు తెలిసిపోయింది. తిప్పి చూశాను. మొగ్గ తొడిమల దగ్గర తెల్లగా పిండి చల్లినట్టు పిండినల్లి గుంపుగా కూర్చుని ఉంది. చీమలు కొమ్మ వెంట పైకీ కిందికీ తిరుగుతున్నాయి. లోపలి నుంచి మా ఆవిడ సుజాత, బజారుకు పోతున్నాను, ఏమైనా మందు తెమ్మంటావా అని అడిగింది. వద్దన్నాను. గిన్నెలో సబ్బునీళ్ళు కలుపుకుని, పాత బనియను ముక్క ఒకటి తీసుకుని చెట్టు దగ్గర కూర్చున్నాను. ఆ పని నాకు నేర్పిన మనిషి పోయి రెండేళ్ళయింది. ఆయన పేరు దస్తగిరి. మేము మామా అని పిలిచేవాళ్ళం. జమ్మలమడుగులో ఆయన వీధివాళ్ళకు తప్ప ఆయన పెద్దగా ఎవరికీ తెలియడు. అందుకే రాస్తున్నాను.

నేను ఎమ్మెస్సీ జువాలజీ చదివి బయాలజీ టీచరుగా జమ్మలమడుగు వచ్చేటప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. మాది లింగాల దగ్గర పల్లె. మాకు అద్దెకు దొరికిన ఇల్లు దస్తగిరి మామది. కింద ఆయనా, ఆయన భార్య హుస్సేన్‌బీ అత్తా ఉండేవాళ్ళు. పైన రెండు గదుల్లో మేము. మా నెత్తిమీద మిద్దె. మామ పద్దెనిమిదేళ్ళు కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో తోటపని చేసి వచ్చాడు. ఆ సంపాదనతోనే ఈ ఇల్లు కట్టి, ఒక్కగానొక్క కూతురు షకీరాకు ప్రొద్దుటూరులో పెళ్ళి చేశాడు. చేతిలో పని లేకుండా ఉండలేని మనిషి కాబట్టి మిద్దె మీద తోట పెట్టాడు. నూనె డబ్బాలు, పెయింటు డబ్బాలు, చెవులు విరిగిన బకెట్లు, వాటిలో బెండ, వంగ, టమాట, మందార, కరివేపాకు, మల్లె. ఒక మూల చిక్కుడు పందిరి. పొట్టి మనిషి. లుంగీ, బనియను, నెత్తిన తెల్ల టోపీ, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు. మెట్లు ఎక్కేటప్పుడు మా గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి కూడదీసుకుని మళ్ళీ ఎక్కేవాడు. పైన ఒక్కొక్క ఆకునూ వెనక్కి తిప్పి చూస్తూ గంటలు గడిపేవాడు.

మేము చేరిన వారానికి, ఒక సాయంత్రం ఆరిన బట్టలు తీయడానికి మిద్దె ఎక్కాను. మామ కరివేపాకు డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "సారూ, నువ్వు పురుగుల చదువే చదివినావంట గదా" అని ఒక రెమ్మ నా వైపు వంచాడు. "ఇదేంది?"

ఆకు మీద నలుపూ తెలుపూ కలిసిన మరక ఒకటి ఉంది. పిట్ట రెట్ట అన్నాను. ఆయన నవ్వలేదు. చీపురుపుల్లతో దాని వీపు మీద మెల్లిగా తాకాడు. రెట్ట తల ఎత్తింది. తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికొచ్చాయి. కుళ్ళిన నిమ్మకాయ లాంటి వాసన గుప్పుమంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. మామ ముఖం మాత్రం ఆ పురుగుకు జానెడు దూరంలోనే ఉంది. వాసన వస్తోందా అని నన్ను అడిగాడు. మీకు రావడం లేదా అన్నాను.

"నాకు ఏ వాసనా రాదు సారూ. కువైట్ల పోయింది."

గొడుగు ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టే చెప్పాడు ఆ మాట. ఆ అరబ్బు ఇంట్లో పూలమొక్కలకని ఒక గాజు గది ఉండేదట. వారానికి ఒకసారి తలుపులు మూసి అందులో మందు కొట్టాలి. ముక్కుకు చేతిరుమాలు తప్ప ఇంకేమీ లేదు. ఒక ఎండాకాలం లోపలే పడిపోయాడు. లేచినాక మూడు రోజులు తల తిరిగింది, ఆ తర్వాత అన్నీ సర్దుకున్నాయి గానీ ముక్కు మాత్రం పని మానేసింది. ఊపిరి ఆడకపోవడం కూడా అప్పటి నుంచే. పాలు మాడిపోతున్నా ఆయనకు తెలియదని అత్త ఆయన్ని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. సుజాత మల్లెలు కోసుకోవడానికి మిద్దె ఎక్కితే, ఈ పొద్దు వాసన బాగుందామ్మా అని అడిగేవాడు. బాగుంది మామా అంటే తృప్తిగా తలూపేవాడు. ఆ సాయంత్రం ఆ రెట్ట పురుగుల్ని ఆకులతో సహా తుంచి ఒక డబ్బాలో వేసుకుని, వీధి చివర ఎవరూ పట్టించుకోని నిమ్మచెట్టు మీద వదిలి వచ్చాడు. అవి సీతాకోకచిలుకలవుతాయట. వాటి గురించి నేను పరీక్షలో రెండు పేజీలు రాసినవాణ్ణే. బతికున్న దాన్ని చూడటం అదే మొదటిసారి.

రెండో పాఠం ఇంకా సిగ్గుచేటుగా జరిగింది. చిక్కుడు తీగకు పేనుబంక పట్టింది. లేత కొసల నిండా నల్లటి చిన్న పేలు. వాటి మధ్య ముళ్ళు ముళ్ళుగా, నల్లటి ఒంటి మీద నారింజ చుక్కలతో వికారంగా ఉన్న పురుగులు తిరుగుతున్నాయి. తీగను పాడు చేస్తున్నవి ఇవేనని నిశ్చయించుకుని, బడికి పోకముందు ముప్పై నలభై ఏరి సబ్బునీళ్ళలో వేశాను. సాయంత్రం గిన్నె తీసుకెళ్ళి మామకు చూపించాను, మెచ్చుకుంటాడని. ఆయన గిన్నెలోకి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పందిరి కిందికి తీసుకుపోయి, ఒక ఆకు తిప్పి, నిలువుగా పేర్చిన పసుప్పచ్చటి గుడ్లు చూపించాడు. ఇంకో ఆకు మీద, నేను వదిలేసిన ఒక ముళ్ళ పురుగు పేనును పట్టుకుని నములుతోంది. దాని పక్కనే ఎర్రటి డొప్ప మీద నల్లచుక్కలతో అక్షింతల పురుగు. నేను చంపినవి ఆ అక్షింతల పురుగు పిల్లలు.

"ఇవి మనోళ్ళు సారూ" అన్నాడు. "ముందు నాలుగు దినాలు ఊరికే చూడల్ల. ఆకును ఏది తింటాందో, ఆ తినేదాన్ని ఏది తింటాందో తెలిసినాంక చెయ్యి పెట్టల్ల" అన్నాడు.

ఆయన పద్ధతులన్నీ నెమ్మదైనవి. పేనుబంక ఎక్కువైతే పొద్దున్నే గొట్టంతో ఆకుల అడుగున నీళ్ళు కొట్టేవాడు. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్ళకు ఒక చిన్న చెంచా వేపనూనె, కాస్త సబ్బు కలిపి ఎండ దిగాక చల్లేవాడు. వంగ మీద తెల్లదోమ లేస్తే, రేకు ముక్కకు పసుపు రంగు వేసి, ఆముదం పూసి కర్రకు వేలాడదీసేవాడు. దోమ ఆ పసుపుకు ఆశపడి వచ్చి అంటుకునేది. పిండినల్లి కనిపిస్తే ముందు చీమల దారి కట్టేసేవాడు. ఆ నల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలే దాన్ని కాపాడతాయని ఆయన చెప్పాడు. ఇవన్నీ పక్కన నిలబడి విన్నాను. నిజం చెప్పాలంటే, వింటూ లోపల కొంచెం కుమిలాను. అన్నేళ్ళ చదువు చదివి, ఏడో తరగతి దాటని మనిషి ముందు రెట్టకూ పురుగుకూ తేడా తెలియనివాణ్ణయిపోయాను. ఒక్కసారైనా ఈయన చేత శభాష్ అనిపించుకోవాలని ఉండేది.

ఆ కోరికే కొంప ముంచింది. ఆగస్టు నెల. సుజాత పురిటికి కమలాపురం పుట్టింటికి వెళ్ళింది. ప్రొద్దుటూరులో షకీరా కూతురికి జ్వరమని మామా అత్తా బయలుదేరుతూ, మొక్కలకు నీళ్ళు పోసే పని నాకు అప్పగించారు. వాళ్ళు పోయిన మర్నాడు మందారకు పిండినల్లి కనిపించింది. ఫోన్ చేస్తే మామ, కొసలు కత్తిరించి కవర్లో కట్టి పారెయ్యి, మిగతాది సబ్బుగుడ్డతో తుడువు, నేను బుధవారం వస్తా అన్నాడు. రెండు రోజులు తుడిచాను. తుడిచినచోట మళ్ళీ కనిపించింది. బెండకూ పాకింది. ఆదివారం మా ఊరికి పోతే అన్న చీనీ చెట్లకు, అంటే బత్తాయి తోటకు, మందు కొడుతున్నాడు. సగం సీసా అడిగి తెచ్చుకున్నాను. ట్యాంకు నీళ్ళకు ఒక మూత చాలు, చాలా ఘాటు మందు అన్నాడు అన్న. సోమవారం పొద్దున నేను బకెట్టు నీళ్ళలో రెండు మూతలు పోశాను. మందార, బెండ, వంగ, అన్నిటి మీదా తడిసేలా కొట్టాను. మిద్దె అంతా ఘాటు వాసన. చేతులు నాలుగుసార్లు కడుక్కుని, స్నానం చేసి బడికి పోయాను. మామ వచ్చేది బుధవారం కదా, వచ్చాక చెబుదాం అనుకున్నాను. నల్లి ఒక్కటి కూడా లేని మొక్కల్ని చూసి ఆయన ఏమంటాడో ఊహించుకుంటూ నడిచాను.

పిల్లకు జ్వరం తగ్గడంతో వాళ్ళు సోమవారం మధ్యాహ్నమే వచ్చేశారు. బస్సు బడలికకు అత్త కింద నడుం వాల్చింది. మామ నేరుగా మిద్దెకెక్కాడు. అత్త ఎక్కి ఉంటే మొదటి మెట్టు మీదే ముక్కు మూసుకునేది. ఆయనకు ఏ వాసనా లేదు. చచ్చిన నల్లిని చూసి, నేనే బాగా తుడిచాననుకుని, మిగిలిపోయినవాటిని గంటసేపు ఉత్త వేళ్ళతో దులిపాడు. తర్వాత రోజూ చేసేటట్టే లేత బెండకాయలు నాలుగు తుంచి, లుంగీకి తుడుచుకుని, అక్కడే నిలబడి పచ్చివే తిన్నాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఫోన్ వచ్చింది. పక్కింటివాళ్ళు, మీ ఇంటి ఓనరుకు బాగలేదు, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతున్నాం అన్నారు. నేను పోయేసరికి మామ మంచం మీద ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. నోటి పక్క నుంచి చొంగ. ఊపిరి గురగురలాడుతోంది. డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూస్తోంది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన చొక్కా మీది వాసన నా ముక్కుకు తగిలింది. పొద్దున నా చేతుల మీద ఉన్న వాసన అది. ఆ క్షణంలోనే నాకు మొత్తం అర్థమైంది.

డాక్టరమ్మ అత్తను అడిగింది, ఏమైనా పురుగుల మందు తాగాడా అని. మా వైపు అలాంటి మనిషి ఆసుపత్రికి వస్తే మొదట అడిగే మాట అదే. అత్త లేదంది. బస్సు దిగి ఇంటికి వచ్చామంతే అంది. ఇంట్లో గొడవేమైనా జరిగిందా అని ఇంకో ప్రశ్న. లేదంది అత్త. వాసన వస్తోందమ్మా, దాచొద్దు, ఏం తాగాడో చెప్తేనే మేం చూడగలం అంది డాక్టరమ్మ మూడోసారి. అత్త ముఖం తెల్లబోయింది. చుట్టూ నలుగురు మూగారు. ఒకామె ఇంకొకామె చెవిలో ఏదో చెప్పింది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. నా నాలుక కదల్లేదు. ఉద్యోగం పోతుందా, పోలీసులొస్తారా, సుజాతకు తెలిస్తే ఏమవుతుంది, ఇవే తిరిగాయి బుర్రలో. ఎంతసేపో చెప్పలేను. అప్పుడు అత్త నా వైపు తిరిగింది.

"సారూ, నువ్వన్నా చెప్పు. ఆయన అట్లాంటోడు కాదని చెప్పు."

అప్పుడు చెప్పాను. ఆయన తాగలేదు, మొక్కలకు నేను మందు కొట్టాను, ఆయనకు తెలియదు, ఆయనకు వాసన రాదు అన్నాను. మాటలు ఏ వరుసలో వచ్చాయో గుర్తులేదు. డాక్టరమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. పోయి సీసా తీసుకురా అంది. పరిగెత్తాను. నేను తిరిగొచ్చేసరికి ఆయనకు సూదులు వేస్తున్నారు, ఒంటి మీది బట్టలు తీసి సబ్బుతో తుడుస్తున్నారు. సీసా మీది పేరు చూసి ఆమె తలూపింది. ఆ రోజు సాయంత్రానికి ఊపిరి కాస్త తేటపడింది. మర్నాడు కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు.

విషం కేసు కాబట్టి కానిస్టేబుల్ ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. నోరు తెరవబోతుంటే మామ చెయ్యి కొంచెం ఎత్తాడు. మందు కొడతానని సారు నాకు ఫోన్లో చెప్పినాడు, నేనే మరిచిపోయి తిన్నా అని చెప్పాడు. కానిస్టేబుల్ రాసుకుని వెళ్ళిపోయాడు. అది అబద్ధమని ఆ గదిలో ముగ్గురికి తెలుసు. అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమె నాతో మాట్లాడటం మానేసి అప్పటికే ఒక రోజయింది.

నాలుగు రోజులకు మామను ఇంటికి తెచ్చారు. ఆ రోజే అత్త మిద్దెకెక్కి బెండ మొక్కల్ని వేళ్ళతో సహా పీకి కుప్పపోసింది. మెట్ల మీద నేను ఎదురుపడితే ఆగి, "ఇంత సదువుకున్నోడివి, ఒక మాట చెప్పి కొట్టల్లనని తెల్దా?" అంది. ఆ తర్వాత నేను ఎదురైతే తల వంచుకుని పోయేది. నేను వేరే ఇల్లు చూసుకున్నాను. ఒక సాయంత్రం మామకు ఆ సంగతి చెప్పడానికి కిందికి దిగాను. ఆయన విని, నాతో రా అని లేచాడు. మెట్ల మీద ఈసారి మూడుచోట్ల ఆగాడు.

పైన వంగ ఆకులు తుప్పు పట్టినట్టున్నాయి. ఆకు తిప్పాడు. సన్నటి బూజు కింద ఎర్రటి నలుసులు వందల కొద్దీ కదులుతున్నాయి. ఎర్రనల్లి. ఆ మందు కొట్టాక కొత్తగా ఈ నల్లి పుట్టుకొచ్చింది గానీ, దాన్ని తినేవి ఒక్కటీ మిగల్లేదు. అక్షింతల పురుగు లేదు, సాలీడు లేదు, గొల్లభామ లేదు. నేను కొట్టిన మందు మనోళ్ళందరినీ తుడిచిపెట్టేసింది. మామ అది చూపించి, నా ముఖం వైపు చూడకుండానే అన్నాడు.

"పోతే పో సారూ. వీటిని బాగుచేసి పో. నేనొక్కన్నే ఇంక చెయ్యలేను."

ఉండిపోయాను. తినే మొక్కలన్నీ తీసేసి, ఊరి బయట గుంత తవ్వి పూడ్చి వచ్చాను. ఆ మట్టిని మార్చాం. ఆ కాలంలో మిద్దె మీద పెరిగింది ఒక్కటీ ఎవరూ నోట్లో పెట్టలేదు. పూలమొక్కలకు, కొత్తగా పెట్టిన చిక్కుడుకు రోజూ పొద్దున ఆకుల అడుగున నీళ్ళు కొట్టేవాణ్ణి. మామ ముక్కాలి పీట మీద కూర్చుని, ఆ ఆకు, ఈ ఆకు అని వేలు చూపించేవాడు. రెండు చేతులకూ ప్లాస్టిక్ సంచులు తొడుక్కోమని నన్ను పోరేవాడు. తను మాత్రం మొక్కను ముట్టుకునేవాడు కాదు. ముట్టుకోవాలనిపించినప్పుడు వేళ్ళు మడిచి ఒళ్ళో పెట్టుకోవడం నేను చూశాను. నెలన్నర అలాగే గడిచింది. ఒక ఆదివారం చిక్కుడు కొసకు మళ్ళీ పేనుబంక పట్టింది. నేను నీళ్ళ గొట్టం ఎత్తబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. నాలుగో రోజు బడి నుంచి వచ్చి షూ విప్పుతుంటే పై నుంచి సారూ, సారూ అని కేక. ఏమైందోనని పరిగెత్తి ఎక్కాను. మామ పందిరి కింద నిలబడి ఉన్నాడు. ఆకు మీద ఎర్రటి అక్షింతల పురుగు ఒకటి. అది ఎక్కడి నుంచి వచ్చిందో, మా మిద్దెను ఎలా కనుక్కుందో తెలియదు. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. వెనక నుంచి అత్త కూడా వచ్చి చూసింది. కాసేపటికి, "సారూ, టీ తాగుతావా?" అంది. ఆ నెలన్నరలో ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఆ ఇంట్లోనే ఇంకో నాలుగేళ్ళున్నాం. మా పాప కావ్య ఆ మిద్దె మీదే నడక నేర్చింది. ఒకసారి మామను బతిమాలి మా బడికి తీసుకుపోయాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అగ్గిపెట్టెల్లో పురుగులు పెట్టుకుని వచ్చి, బల్ల ముందు నిలబడి చెమటలు కక్కాడు. ఒక అమ్మాయి లేచి, మంచి పురుగేదో చెడ్డ పురుగేదో ఎలా తెలుస్తుంది తాతా అని అడిగింది. పురుగుల్లో మంచిది, చెడ్డది అని ల్యాదు పాపా, మనం పెంచుకున్న ఆకు అదీ తింటాంది, మనమూ తింటాండాం, అంతే తగువు అన్నాడు. ఆ ఏడాది పిల్లలు నా బల్ల మీద తెచ్చి పెట్టిన ఆకులకు లెక్కలేదు. నేను తెలియనివాటిని తెలియదని చెప్పి, సాయంత్రం మామ దగ్గరికి తీసుకుపోయేవాణ్ణి. అలా చెప్పడం నాకు అప్పుడే అలవాటైంది. రానురాను నాకు ఆయన దగ్గర సిగ్గు పోయింది. ఒక్క విషయం మాత్రం గొంతులో ఉండిపోయింది. డాక్టరమ్మ అడిగినప్పుడు నేను విషయం అప్పుడే గ్రహించి చెప్పాననే అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

నాకు పులివెందులకు బదిలీ అయింది. కొన్నాళ్ళకు మామకు ఊపిరి మరీ కష్టమై, మిద్దె ఎక్కలేక ఆ ఇంటికి తాళం వేసి ఇద్దరూ ప్రొద్దుటూరులో షకీరా ఇంటికి చేరారు. నేను వీలున్నప్పుడల్లా పోయి వచ్చేవాణ్ణి. చివరిసారి పోయింది రెండేళ్ళ కిందట చలికాలంలో. వరండాలో నాలుగు కుండీలు పెట్టుకుని, ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడు. అత్త లోపల వంట చేస్తోంది. ఈసారి చెప్పకపోతే ఇంక చెప్పలేనని ఎందుకో అనిపించింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పాను. మామా, ఆ పొద్దు నేను లోపలికి రాగానే నాకు తెలిసిపోయింది. వాసన తగిలింది. డాక్టరమ్మ మూడుసార్లు అడిగేదాకా, అత్తను అందరూ అనుమానంగా చూసేదాకా నోరు విప్పలేదు. భయపడ్డాను.

ఆయన టమాట ఆకు ఒకటి తిప్పి చూస్తున్నాడు. చూడటం ఆపలేదు.

"తెలుసు సారూ. నువ్వు లోపలికి వచ్చినప్పుడు నేను నిన్నే చూస్తాండా. నోరు రాల్యా గానీ కండ్లు కనపడతాండ్య. నీ మొగం చూస్తానే తెలిసిపాయ."

ఇన్నేళ్ళు ఒక్క మాటైనా ఎందుకు అడగలేదు మామా అన్నాను. ఆయన ఆకు వదిలేసి ఊపిరి తీసుకున్నాడు.

"అడిగితే నువ్వు రావడం మానుకుంటావనుకున్యా."

నా మోకాలి మీద రెండుసార్లు తట్టి, అత్తకు కూడా చెప్పి పో, ఆమెకు తెల్దు, తిడుతుంది, తిట్టించుకో అన్నాడు. లోపలికి పోయి చెప్పాను. అత్త తిట్టింది. గరిటె చేతిలో పట్టుకుని, కండ్లనీళ్ళు తుడుచుకుంటూ, ఆ రోజు ఆ జనం తన వైపు ఎలా చూశారో మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. అన్నీ విన్నాను. తర్వాత ముగ్గురం కలిసి అన్నం తిన్నాం. ఆయన రంజాన్‌కు ముందే పోయాడు. షకీరా ఫోన్ చేస్తే పోయి మట్టి వేసి వచ్చాను. బతికున్నన్నాళ్ళూ నన్ను సారూ అనే పిలిచాడు.

మొక్కలకు మందు కొట్టడం నేను ఎప్పుడో మానేశాను. వేపనూనె నీళ్ళు చల్లినా పక్కింటికి వెళ్ళి చెప్పి వస్తాను. వాళ్ళు నవ్వుతారు. అవన్నీ చేతులకు అలవాటైపోయిన పనులు. ఆయన నాకు ఇచ్చిపోయింది వేరే ఒకటి ఉంది. పోయినేడు మా బడిలో ప్రాక్టికల్ మార్కుల పట్టీ ఒకటి తప్పులతో పై ఆఫీసుకు పోయింది. హెడ్మాస్టర్ స్టాఫ్ రూముకు వచ్చి, కొత్తగా చేరిన టీచరమ్మను అందరి ముందూ గట్టిగా అడుగుతున్నారు. ఆ పట్టీ రాసింది నేను. ఆ అమ్మాయి ముఖం తెల్లబోవడం నాకు కనిపిస్తోంది. నేను లేచి నిలబడి, అది నా తప్పు సార్ అన్నాను. అనడానికి ముందు ఒక రెండు క్షణాలు కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. ఆసుపత్రి గోడ దగ్గర నిలబడినదానికంటే అది చాలా తక్కువ. కానీ భయంతో ఆగిపోయే ఆ రెండు క్షణాలు నాలో ఇంకా ఉన్నాయి.